లాంగలరేఖ: కళింగాంధ్రలో పూర్తధర్మ చరిత్ర

నాగావళీ నదికి లాంగుల్య అని ప్రాచీన నామం. లాంగలమంటే నాగలి. అనావృష్టితో అలమటిస్తున్న ప్రజల మొర ఆలకించి, తీర్థయాత్రలో ఉన్న బలరాముడు తన హలాన్ని భూమిలో దిగవేసి ఈడ్వగా, ఆ చాలు వెంట పొంగిన జలమే ఈ నదియైనదని స్థలపురాణం. నది పొడవునా ఆయన ఐదు శివలింగాలను ప్రతిష్ఠించాడని కూడా ఆ పురాణమే చెబుతున్నది. ఒడిశాలోని రాయగడ సమీపాన పాయకపాడులో పాయకేశ్వరుడు, గుంపలో సోమేశ్వరుడు, సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళ పట్టణంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, సముద్రతీరాన కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు. మహాశివరాత్రి నాడు ఈ క్షేత్రాలకు వేలాది భక్తులు తరలివస్తారు. ఐదింటినీ ఒకే దినాన దర్శించాలని తెల్లవారుజామునే బయలుదేరేవారూ కలరు.

ఈ ఐదు క్షేత్రాల స్థానాలను పరిశీలిస్తే ఒక విశేషం గోచరిస్తుంది. గుంప వద్ద ఝంఝావతి వచ్చి నాగావళిలో కలుస్తుంది. సంగాం వద్ద సువర్ణముఖి, వేగవతి నదులు చేరి త్రివేణీసంగమం ఏర్పడుతుంది. కళ్లేపల్లి నది సాగరంలో లీనమయ్యే చోటు. కొండ, ఉపనదుల కలయికలు, పట్టణం, సంగమముఖం: పరీవాహక ప్రాంతంలో ప్రవాహ స్వభావం మారే ప్రతి ముఖ్య స్థానంలోనూ ఒక దేవుడున్నాడు. పురాణకర్త భూగోళపాఠం చెప్పదలచాడనడం సాహసమే అవుతుంది. అయితే ఎక్కడ వరద పొంగుతుందో, ఎక్కడ ఒండ్రు పేరుకుంటుందో, ఎక్కడ ఉప్పునీరు ఎదురువస్తుందో తరతరాలుగా గమనించిన సమాజమే ఆ స్థలాలను పవిత్రమని గుర్తించి ఉండాలి. పూజించే చోటును ఏటా చూడవలసి వస్తుంది. ఏటా చూచినవానికి నది కదలిక తెలుస్తుంది.

ఈ సీమ జలస్వభావం విచిత్రమైనది. నాగావళి పొడవు 256 కిలోమీటర్లు. వంశధార దైర్ఘ్యమూ దాదాపు అంతే. ఉత్తరాన బాహుదా, మహేంద్రతనయ ఇంకా చిన్నవి. గోదావరీ కృష్ణల వలె ఇవి దూరదేశాల నీటిని నెమ్మదిగా మోసుకొచ్చే నదులు కావు. తూర్పుకనుమలలో కురిసిన వాన ఏటవాలుగా దిగి కొద్ది దినాలలోనే సముద్రం చేరుతుంది. వాన పడినప్పుడు వరద, పడనప్పుడు ఇసుక. వర్షపాతం వెయ్యి మిల్లీమీటర్లకు పైచిలుకైనా అది జ్యేష్ఠం నుండి భాద్రపదం వరకు నైరుతి ఋతుపవనాల వలన కొంత, ఆశ్వయుజ కార్తికాలలో వాయుగుండాల వలన కొంత కురిసి ముగుస్తుంది. మధ్యలో ఒక నెల మబ్బు ముఖం చాటేస్తే వరి ఎండుతుంది. చివరలో తుఫాను వస్తే పండిన వరి మునుగుతుంది. కరవు, వరద ఒకే సంవత్సరంలో ఒకే పొలాన్ని తాకగల నేల ఇది. సముద్రజలాలు వేడెక్కుతున్న కొద్దీ వాన కొద్ది దినాలలో కుండపోతగా పడి, మిగిలిన దినాలు పొడిగా మిగలడం అధికమవుతున్నదని నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కళింగాంధ్రకు ఇది కొత్త స్వభావం కాదు, పాత స్వభావపు తీవ్రరూపం. కనుకనే ఈ నేల మీద పూర్వులు చేసిన పనికి చారిత్రక విలువతో పాటు వర్తమాన ప్రయోజనమూ ఉన్నది.

ఆ పనికి ధర్మశాస్త్రం పెట్టిన పేరు పూర్తం. వైదిక కర్మలను ఇష్టమని, పూర్తమని రెండుగా విభజించారు. యజ్ఞాదులు ఇష్టం. వాపీ కూప తటాక నిర్మాణం, ఆరామ ప్రతిష్ఠ, అన్నదానం, దేవాలయ నిర్మాణం పూర్తం. ఇష్టానికి అధికార నియమాలు అనేకం. పూర్తకర్మ మాత్రం సర్వవర్ణాలకూ, స్త్రీలకూ అందుబాటులో ఉన్నదని స్మృతికారులు అంగీకరించారు. తెలుగునాట తటాకం, వనం రెండూ సప్తసంతానాలలో చేరాయి. అనగా కడుపున పుట్టిన కొడుకుతో సమానంగా చెరువునూ తోటనూ లెక్కించారు. మత్స్యపురాణం తటాక ప్రతిష్ఠకు ఒక అధ్యాయం, వృక్షోత్సవానికి మరొక అధ్యాయం కేటాయించింది. విగ్రహానికి చేసినట్లే చెట్టుకూ స్నపనం, అలంకారం, హోమం విధించింది. నీటిని ప్రజలకు ఉత్సర్జించడం, అంటే ఇకపై ఇది నాది కాదని విడిచిపెట్టడం ఆ ప్రతిష్ఠలో ప్రధానాంశం. తవ్వించినవాడు యజమాని కాడు, దాత మాత్రమే. ఈ సూక్ష్మం గ్రహించక పూర్తధర్మాన్ని కేవలం పుణ్యసంపాదనగా చూచేవారు అసలు విషయాన్ని జారవిడుస్తున్నారు.

ఈ ధర్మం గ్రంథాలలోనే నిలిచిపోలేదనడానికి కళింగాంధ్రలో తామ్రశాసనాలు సాక్ష్యం. తూర్పు గాంగరాజులు మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుని కులదైవంగా కొలిచి, కళింగనగరం నుండి పాలించారు. వారిలో ఇంద్రవర్మ గాంగశకం 87వ సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 6వ శతాబ్ది చివరి పాదంలో, ఇచ్చిన అచ్యుతాపురం శాసనం ఒకటి ఉన్నది. వరాహవర్తని విషయంలోని సిద్ధార్థక గ్రామంలో ఒక బ్రాహ్మణునికి భూదానం చేసిన సందర్భమది. ఆ దానానికి నిమిత్తం గమనించదగినది. రాజు తన తల్లి పేర నిర్మించిన తటాకానికి ఉదకోత్సర్గం చేసిన వేళ ఉత్తరాయణ పుణ్యకాలంలో భూమిని ధారపోశాడు. అదే శాసనంలో రాజతటాక ప్రస్తావనా వస్తుంది. దాని నీటిని పొలానికి విడుచుకొనేటప్పుడు ఎవరూ అడ్డుపడరాదన్న నియమమూ ఉన్నది. పధ్నాలుగు వందల ఏండ్ల క్రితమే ఈ సీమలో భూమి హక్కుతో పాటు నీటి హక్కూ వ్రాతలోకి ఎక్కిందన్నమాట. అడ్డుపడరాదని వ్రాయవలసి వచ్చిందంటే అడ్డుపడేవారూ ఉండేవారని ఊహించవచ్చు. చెరువునీటి తగాదా చెరువంత ప్రాచీనమైనది.

చెరువు ఎట్లా కట్టాలో చెప్పిన శాస్త్రమూ దాదాపు ఆ కాలానిదే. వరాహమిహిరుని బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయం చెట్లను, పుట్టలను బట్టి భూగర్భజలం జాడ చెబుతుంది. దాని చివర గట్టు నిర్మాణ విషయం వస్తుంది. తూర్పు పడమరలుగా సాగిన గట్టు చిరకాలం నీటిని నిలుపుతుందని, ఉత్తర దక్షిణాలుగా సాగినది గాలి లేపే అలల తాకిడికి తెగుతుందని ఆచార్యుని అభిప్రాయం. గట్టు మీద మద్ది, మఱ్ఱి, మామిడి, కడిమి, నేరేడు, తాడి, ఇప్ప, పొగడ మొదలైన వృక్షాలు నాటాలని, నీరు పోయే మార్గాన్ని రాతితో కట్టాలని కూడా ఆయన చెప్పాడు.

శ్రీకాకుళ విజయనగర సీమలలో మొదటి నియమాన్ని అక్షరశః పాటించడం కుదరదు. ఇక్కడ నేల వాయవ్యాన ఉన్న కొండల నుండి ఆగ్నేయాన ఉన్న సముద్రం వైపు వాలి ఉంటుంది. వాలుకు అడ్డంగా కట్టిన గట్టు సహజంగానే ఈశాన్య నైరుతి దిశలలో సాగుతుంది. శాస్త్రం వద్దన్న గాలిదెబ్బ తప్పదు. అందువలన రెండవ నియమం ఇక్కడ అత్యవసరమైంది. గట్ల మీద వరుసలుగా నిలిచిన తాటిచెట్లు ఈ ప్రాంతపు చెరువులకు గుర్తు. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, ఆకు ఇంటికప్పుకు వస్తుంది, పండు తినడానికి, మాను దూలానికి పనికివస్తాయి. తుఫానులో కొబ్బరి కూలిన చోట కూడా తాడి తరచుగా నిలిచి ఉండడం తీరవాసులు ఎరిగిన విషయమే. శాస్త్రాన్ని నేల స్వభావానికి అనువుగా మలచుకొన్న తీరు ఇది. దేశకాలాలను అనుసరించి ధర్మం నిర్ణయించాలన్న సూత్రం ఆచరణలో ఎట్లుంటుందో తెలియాలంటే తాటివరుస ఉన్న చెరువుగట్టును చూస్తే చాలు.

చెరువు ఒంటరిది కాదు. కొండవాగును ఇక్కడ గెడ్డ అంటారు. గెడ్డనీరు పై ఊరి చెరువులో చేరి, అది నిండగా అలుగు పారి, దిగువ ఊరి చెరువుకు, అక్కడి నుండి ఇంకొక దానికి పోతుంది. మధ్య మధ్య పశువులు నీరు త్రాగే చిన్న బందలు. కొన్నిచోట్ల పెద్ద చెరువును సాగరమనే పిలుస్తారు, సముద్రం పది క్రోసుల దూరంలో ఉన్నా. ఆషాఢంలో కురిసిన వానను ఆశ్వయుజం దాకా దాచడం ఈ గొలుసు చేసే మొదటి పని. కార్తికంలో తుఫాను వచ్చినపుడు వరద వేగాన్ని మెట్టు మెట్టుగా తగ్గించడం రెండవది. వేసవిలో ఊరి నూతులలో నీటిమట్టం పడిపోకుండా చూడడం మూడవది. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు అడుగు మట్టిని బండ్ల మీద పొలాలకు తోలేవారు. చెరువుకు పూడిక పోయేది, పొలానికి ఎరువు వచ్చేది. ఒకే పనిలో రెండు ప్రయోజనాలు. ఆ మట్టి తోలడం ఆగిన నాటి నుండి చెరువు లోతు తగ్గుతూ వచ్చింది.

తెలుగునేల మీద చెరువు నిర్మాణానికి సుప్రసిద్ధ ఆధారం కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం. 1369 నాటి ఆ శాసనం తటాకానికి పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరాలు పని చేశారని కూడా చెబుతుంది. కళింగాంధ్ర చెరువులకు అటువంటి విపుల శాసనం లేదు. ఇక్కడి చెరువులు చాలావరకు చిన్నవి, పేరులేని చేతులతో తవ్వబడినవి. రాజు పేర ప్రతిష్ఠ జరిగినా తట్ట మోసినవారి పేర్లు తామ్రపత్రానికి ఎక్కలేదు. ఆయకట్టు చివర పొలం ఎవరిదో, తూము దగ్గర పొలం ఎవరిదో చూస్తే ఊరి సామాజిక క్రమం కూడా బయటపడుతుంది. పూర్తం సర్వజనులదని స్మృతి పలికింది. నీటి వంతు మాత్రం అన్ని ఊళ్ళలో సమంగా నడిచిందని చరిత్ర చెప్పదు.

కొండల వైపు దృష్టి మళ్ళిస్తే వేరొక లోకం. వంశధార ఎడమగట్టున శ్రీముఖలింగం ఉన్నది. దానినే కళింగనగరంగా గుర్తించినవారు గిడుగు రామమూర్తి. ఆయన జన్మస్థలమైన పర్వతాలపేట ముఖలింగ సమీపంలోనిదే. ఆలయ శాసనాలు చదివిన ఆ పండితుడే కొండలెక్కి సవరభాష నేర్చి, దానికి వ్యాకరణం రచించాడు. ఈ రెండు పనుల మధ్య సంబంధం యాదృచ్ఛికం కాదు, ఎందుకంటే ముఖలింగ స్థలపురాణమే సవరలది. శాపవశాన గంధర్వులు సవరలుగా జన్మించారు. వారి నాయకునికి ఇద్దరు భార్యలు. పెరటిలోని ఇప్పచెట్టు రాల్చే పూల కోసం వారిద్దరి మధ్య నిత్యం కలహం. విసిగిన నాయకుడు గొడ్డలి తీసి చెట్టును నరకగా, ఆ మోడులో శివుడు ముఖంతో సాక్షాత్కరించాడు. ఇప్పకు సంస్కృతంలో మధూకమని పేరు. కనుక స్వామి మధుకేశ్వరుడైనాడు.

భక్తులు సాధారణంగా శాపవిమోచన ఘట్టం దగ్గర ఆగుతారు. కలహానికి కారణమైన పూల గురించి ఆలోచించేవారు తక్కువ. ఇప్పపువ్వు చైత్రమాస ప్రాంతాన, పంట ఏదీ చేతికి రాని కాలంలో, రాలుతుంది. ఎండబెట్టి దాచుకొంటే వానలు లేని సంవత్సరంలో అదే అన్నం. గింజ నుండి నూనె వస్తుంది. వరి ఎండిన ఏట కూడా ఇప్ప పూస్తుంది, వేళ్ళు లోతుగా పోతాయి కనుక. ఇద్దరు స్త్రీలు రాలిన పూల కోసం తగవులాడుకొన్నారంటే అది పూల మీద మోజు కాదు, పిల్లల ఆకలి. అటువంటి చెట్టును నరికిన చోట దేవుడు ప్రత్యక్షమై దాన్ని నరకరానిదిగా మార్చాడని ఈ పురాణాన్ని చదవవచ్చు. సవరలు కొండవాలులో రాతికట్టడాలతో మెట్లు మెట్లుగా వరిమళ్ళు తీర్చి, ఊటనీటిని ఒక మడి నుండి మరొక మడికి దించుతారు. సున్నం లేని ఆ రాతిగోడల నిర్మాణ నైపుణ్యాన్ని వెరియర్ ఎల్విన్ వంటి మానవశాస్త్రజ్ఞులు మెచ్చుకొన్నారు. పైన నిలిచిన ఆ మట్టే క్రింద వంశధార చెరువులలో పూడికగా పేరుకోకుండా ఉంటుంది. పల్లంలోని చెరువు ఆయుష్షు కొండ మీది గోడ చేతిలో ఉన్నది.

ఇదంతా ఉన్నా కరవులు రాలేదా అని జిజ్ఞాసువులు అడగవచ్చు. వచ్చాయి, భయంకరంగా వచ్చాయి. 1791 కరవులో శ్రీకాకుళ పట్టణం దాదాపు నిర్జనమైనది. 1866లో ఒడిశాను, గంజాం మండలాన్ని మహాక్షామం కబళించింది. నాడు శ్రీకాకుళం గంజాంలోనే ఉండేది. 1865లో వానలు తక్కువగా కురిసి, సెప్టెంబరు మధ్యలోనే నిలిచిపోవడం దానికి మూలం. ఒడిశాలోనే సుమారు 10 లక్షలమంది మరణించారు. మేఘం ఒక్కటే దోషి కాదు. దారులు లేవు, వర్షాకాలంలో రేవులు మూసుకుపోయాయి, అంతకు ముందే బియ్యం ఎగుమతి అయిపోయింది, పాలకులు ఆలస్యంగా మేల్కొన్నారు. పదేండ్ల తరువాత 1876లో నాగావళి వరద శ్రీకాకుళం వంతెన కమానులను కొట్టుకుపోయింది. ఒక దశాబ్దంలోనే రెండు విపరీతాలు.

ఆ కాలానికి చెరువుల వ్యవస్థ కూడా మునుపటిది కాదు. 1802 శాశ్వత పరిష్కారంతో జమీందారు ప్రధానంగా శిస్తు వసూలుదారైనాడు. మరమ్మతు ఎవరి బాధ్యతో అస్పష్టమైంది. గట్టు తెగినపుడు ఊరంతా కదిలివచ్చే ఆచారం సడలినదని గ్రహించిన మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమచట్టం చేసింది. ధర్మంగా సాగిన పనిని శాసనంతో సాగించే ప్రయత్నమది. అది ఫలించకపోవడంలో ఆశ్చర్యం లేదు. తనదని భావించిన గట్టుకు మనిషి పలుగు పట్టుకొని తానే వస్తాడు. 1908లో నాగావళి మీద తోటపల్లి రెగ్యులేటరు వచ్చింది, తరువాత వంశధార మీద గొట్టా బ్యారేజి. కాలువ నీరు వచ్చిన ఊళ్ళలో చెరువు అవసరం తగ్గినట్లు తోచింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దై చెరువులు ప్రభుత్వానివైనాయి. ఇది న్యాయమైన సంస్కరణే. దాని నీడలో ఒక నష్టమూ జరిగింది: చెరువుకు అధికారి దొరికాడు, ఆత్మీయుడు దొరకలేదు.

విజయనగరంలో మాత్రం ఒక చెరువు జనుల స్మృతిలో సజీవంగా నిలిచింది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంలో పూసపాటి విజయరామరాజు మరణించాడు. ఆయన సోదరి పైడిమాంబ ఆ వార్త విని దేహం చాలించి, పెద్దచెరువులో విగ్రహరూపంగా వెలసిందని ఐతిహ్యం. విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవం లక్షలాది జనులను ఆకర్షిస్తుంది. చింతమాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుండగా, ఆ మాను కోటకూ ఆలయానికీ మధ్య ముమ్మారు తిరుగుతుంది. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు. అవి కలిపి చల్లితే పంట బాగుంటుందని విశ్వాసం. మరుసటి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం. చెరువు, విత్తనం, చెట్టు: ఒక వ్యవసాయ సమాజానికి ఆధారమైన మూడూ ఒకే పండుగలో అమ్మవారి రూపాలైనాయి.

ఆ మాను ఎక్కడ లభిస్తుందో అమ్మవారు పూజారికి కలలో తెలుపుతుందని సంప్రదాయం. అది ఎవరి పొలంలో ఉన్నా, అడిగితే ఇవ్వని రైతు లేడు. మాను కావలసినంత పొడవుగా, నిటారుగా ఉండాలి. అటువంటి చింత ఎదగడానికి అనేక దశాబ్దాలు పడుతుంది. ఏటా ఒకటి కావాలంటే ఎన్ని తోపులు ఉండాలో, ఎప్పుడో ఎవరో నాటి ఉండాలో లెక్క వేస్తే పండుగ వెనుక ఉన్న అరణ్యం కనిపిస్తుంది. మత్స్యపురాణంలోని వృక్షోత్సవ విధి ఈ ఉత్సవంలో భాగమైతే అసందర్భం కాదు.

ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉద్దానమున్నది. ఉద్యానవనమనే పేరే ఉద్దానమైనదని అంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి కలగలిసి ఎదిగిన ఇసుకనేల తోటలవి. పై అంతస్తులో కొబ్బరి, మధ్యలో పనస, జీడి, క్రింద కంద, పసుపు వంటివి. మనుష్యులు నాటినదే అయినా అరణ్యం వలె అంతస్తులుగా ఎదిగిన వనం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి కొన్ని గంటలలో ఆ వనాన్ని నేలకూల్చింది. తాతలు నాటిన చెట్లు కూలితే మనుమలు నిలుచుండిపోయారు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు. ఆ కాలంలో ఇంటికి ఏది ఆధారమన్న ప్రశ్నకు బదులు లేక అనేకులు వలస పోయారు. అంతకు పూర్వమే ఆ సీమను మూత్రపిండవ్యాధి పీడిస్తున్నది. దాని మూలకారణం శాస్త్రజ్ఞులకు ఇంకా తేలలేదు. త్రాగునీటి కోసం వంశధార జలాలను గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చారు, పలాసలో 2023లో పరిశోధనా వైద్యాలయం వెలసింది. కొండనది నీరు తోటలోని కుండకు చేరడం ఒక విధంగా బలరాముని నాగేటిచాలు కొనసాగింపే.

తిత్లీ తరువాత జరిగిన చర్చలో ఒక అంశం మరుగున పడింది. పూర్వపు ఉద్దానం తోటల వెనుక బీల ఉండేది, ముందు ఇసుకదిబ్బలు, మొగలిపొదలు ఉండేవి. బీల అంటే సోంపేట పరిసరాల పల్లపు చిత్తడినేల. ఉప్పెనకు ఇసుకదిబ్బ కవచం, వరదకు బీల పళ్ళెం. ఆ నేలను బంజరని లెక్కించి బొగ్గువిద్యుత్ కేంద్రానికి కేటాయించినపుడు రైతులు, మత్స్యకారులు ఎదిరించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే దినాన జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరభూముల వద్ద మళ్ళీ కాల్పులు, మళ్ళీ మరణాలు. కాగితం మీద బంజరైనది వేరు, బ్రతుకులో బంజరైనది వేరు. చేప, తుంగ, పశువుల మేత, ఎత్తిపోతతో ఒక పంట: బీల ఇచ్చేది ఏదీ శిస్తు పద్దులో కనిపించదు. పూర్తధర్మం తటాకాన్ని తవ్వించడం పుణ్యమన్నది. ప్రకృతి తానే తవ్విపెట్టిన తటాకాన్ని పూడ్చడం ఏమగునో స్మృతికారులు విడిగా చెప్పవలసి వస్తుందని ఊహించి ఉండరు. తటాకభేదనాన్ని మాత్రం మనుస్మృతి ఘోరాపరాధాలలో చేర్చింది.

తంపరకు చేరువలో తేలినీలాపురమున్నది. ఆశ్వయుజ ప్రాంతాన గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరిలోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ఆరంభంలో వెళతాయి. ఇచ్ఛాపురం వద్ద తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని వాడుక, కాని ఈ జాతులు భారత ఉపఖండంలోనివే. తడినేల ఎక్కడ ఉంటే అక్కడికి తరలే దేశవాళీ యాత్రికులు. పక్షులు వస్తే వానలు పడతాయని ఊరివారి నమ్మకం. వాటిని ఆడపడుచుల వలె ఆదరిస్తారు, గూళ్ళున్న కొమ్మను నరకరు, వేటగాని ఊరిలోకి రానివ్వరు. నత్తగుల్ల కొంగ పొలంలో నత్తలను ఏరి తింటుంది. చెట్టు క్రింద రాలిన రెట్ట ఎరువు. నమ్మకం ముందో ప్రయోజనం ముందో విడదీయడం వ్యర్థం.

తిత్లీ గాలికి తేలినీలాపురంలో గూళ్ళున్న చెట్లూ దెబ్బతిన్నాయి. చింత గూడుకు అనువుగా ఎదగాలంటే ఒక తరం కావాలి. పక్షి అంతకాలం వేచి ఉండదు, మిగిలిన కొమ్మలను పంచుకొంటుంది, లేదా మరొక ఊరిని వెతుక్కొంటుంది. తొలకరికి ముందు, నీటి జాడ ఇంకా పూర్తిగా తెలియని జ్యేష్ఠమాసపు ఎండలో, తేలుకుంచి వృద్ధులు నేటికీ తలలెత్తి తూర్పు ఆకాశం వైపు చూస్తుంటారు.